మూడో గుర్రానికి గది

తెల్లారేసరికి వంటింటి బల్ల మీద బారెడు కాగితం పరిచి ఉంది. గాలికి ఎగరకుండా దాని నాలుగు మూలల మీద ఉప్పు డబ్బా, తాళాల గుత్తి, టార్చిలైటు, అరిగిపోయిన గుర్రపు నాడా పెట్టి ఉన్నాయి. పాలు పితికి లోపలికి వచ్చిన అమ్మ అవేమీ చూసుకోలేదు. తడి బకెట్టు తెచ్చి సరిగ్గా కాగితం నడిమధ్యన దించింది.

"అమ్మా! నాలుగు రోజుల పని అది!" కూతురు ఒక్క అంగలో వచ్చి బకెట్టు పైకి లేపింది.

"పాతికేళ్లుగా ఇది ఈ బకెట్టు పెట్టే చోటు. నీ కాగితం నిన్న పుట్టింది. ఎవరు ఎవరికి చోటివ్వాలో నువ్వే చెప్పు."

"తడిసిపోయింది చూడు, అదీ నీ పాలగది మీదే."

పాలగది మాట వినగానే అమ్మ గొంతు ఇట్టే మారిపోయింది. చేతిగుడ్డ తీసి గబగబా తడి అద్దుతూ, "ఏదీ, ఎక్కడ? కిటికీ పెట్టావా? మేకపోతు పక్కన పెట్టలేదు కదా? దాని కంపు గోడ దాటి వచ్చిందంటే ఆ పాలు ఎవరి నోట్లోకీ పోవు" అంది.

ఆ కాగితం మీద ఉన్నది కొత్త పశువుల కొట్టం. పాత కొట్టం పోయిన గాలివానకి ఒక పక్కకి ఒరిగిపోయింది. నాన్న తమ్ముడు వడ్రంగి. ఆయన వచ్చి నాలుగు దుంగలు పోటు పెట్టి నిలబెట్టాడు. నిలబెట్టాడంటే ఏదో నిలబడి ఉందంతే. కోడి ఎగిరి కప్పు మీద వాలినా ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడి తలలెత్తి చూస్తున్నారు. మళ్లీ వానలు పట్టుకునేలోగా కొత్తది లేవాలి. రెండు గుర్రాలు, రెండు ఆవులు, ఆరు మేకలు, వాటన్నిటి మీదా పెత్తనం చేసే ఒక మేకపోతు, ఎప్పుడు లెక్కపెట్టినా తేడా వచ్చే కోళ్లు, అందరికీ అందులోనే చోటు చూడాలి. స్థలం చూస్తే ఒక పక్క బావి గోడ, ఇంకో పక్క పల్లం. మధ్యలో ఉన్నది యాభై అడుగులు. అంతకు మించి ఒక్క అంగుళం పెరగదు.

గుర్రాలంటే స్వారీ గుర్రాలు కావు, బరువులు లాగే జాతి. ఆడగుర్రం పేరు బుజ్జి. పేరు విని చిన్నదనుకుంటే పొరపాటు. అది గిట్ట ఎత్తి పెడితే దాని కింద ఒక పళ్లెం పూర్తిగా దాగిపోతుంది. దాని జోడు పేరు దొర. ఎవరు ఎంత తొందరపెట్టినా తన నడక తనదే కాబట్టి ఆ పేరు. కొండ వాలు మీద, లారీలు ఎక్కలేని చోట నరికిన దుంగల్ని కింద రోడ్డు దాకా లాగడం వాటి పని. పగ్గాలు పట్టుకుని వాటి వెనక నడవడం నాన్న పని. ఊళ్లో ఆయన్ని దుంగలాయన అంటారు. అసలు పేరు చెబితే ఎవరండీ ఆయన అని ఎదురడుగుతారు.

కూతురికి ఇరవై ఏడేళ్లు. పట్నంలో ఒక కట్టుబడి కంపెనీలో ప్లాన్లు గీసే ఉద్యోగం. కొట్టానికి ప్లాను గీయడానికే పదిహేను రోజులు సెలవు పెట్టి వచ్చానని ఇంట్లో చెప్పింది. అసలు సంగతి ఆ కాగితంలోనే ఉంది, చూసేవాళ్లకి కనపడేలాగే ఉంది. గుర్రాలకి రెండు గదులు చాలు. ఆమె మూడు గీసింది.

మూడో గది ఆమె గుర్రానిది. ఉద్యోగం మానేసి ఇంటికొచ్చి, తండ్రి పక్కన తనూ పగ్గాలు పట్టి దుంగలు లాగించాలని ఆమె కోరిక. గుర్రాలు పెంచే ఒకాయన దగ్గర రెండేళ్ల ఆడ గుర్రప్పిల్లని చూసి పెట్టుకుంది. నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వనని ఆయన మాటిచ్చాడు. ఈ సంగతి నాన్నకి ఫోనులో చెబుదామని ఏడాదిగా అనుకుంటూనే ఉంది. ఫోను చేస్తే నాన్న "తిన్నావా" అంటాడు, ఆమె "తిన్నాను" అంటుంది, ఆయన "సరే మరి" అంటాడు, అక్కడితో అయిపోతుంది. మనసులో ఉన్నది నోటితో చెప్పడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు. చెప్పలేక, చేతనైన విద్య అదొక్కటే కాబట్టి, గీసి చూపించింది.

నాన్న బయట కాళ్లు కడుక్కుని వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. వేలితో ఒక్కో గదీ తాకుతూ పోయి, చివర ఆగాడు.

"మనకి గుర్రాలెన్ని?"

"రెండు" అంది కూతురు.

"గదులు?"

"మూడు."

"మూడోది నాకా?"

"మీకే అయితే మంచిదే" అంది అమ్మ పొయ్యి దగ్గర్నుంచి. "మీ గురకకి గుర్రాలైతే ఏమీ అనుకోవు."

నాన్న నవ్వలేదు. కూతురి వైపు చూశాడు. ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకుంది కూతురు. నోరు తెరిచింది కూడా. తీరా, "ముందుముందు... ఏదైనా అవసరం పడొచ్చు కదా నాన్నా" అని నీళ్లు నమిలింది.

ఆయనకి అర్థం కాలేదని కాదు. ఆ గదిలో ముగ్గురికీ అర్థమైంది, పొయ్యి మీది పాలు పొంగిపోతున్నా అమ్మ పట్టించుకోకపోవడమే అందుకు సాక్ష్యం. నాన్న పెన్సిల్ తీసుకుని మూడో గదిలో పెద్ద అక్షరాలతో 'గడ్డి' అని రాశాడు. టీ తాగి కొండకి వెళ్లిపోయాడు.

అలా మొదలైంది యుద్ధం. యుద్ధమంటే అరుపులేమీ లేవు. ఒక పెన్సిలు, ఒక రబ్బరు, అంతే. సాయంత్రం ఆయన తిరిగొచ్చేసరికి గడ్డి అటక ఎక్కేసింది, మూడో గది ఖాళీగా మెరుస్తోంది.

"గుర్రాల నెత్తిన గడ్డి పెడతారా ఎవరైనా? దుమ్మంతా వాటి కళ్లల్లో పడదూ?" అన్నాడు నాన్న.

"గుర్రాల మీద కాదు, ఆవుల వైపు అటక. సరిగ్గా చూడు."

చూశాడు. తప్పు దొరకలేదు. మర్నాడు పొద్దున్న అదే గదిలో 'మేకలు' అని ఉంది. సాయంత్రానికి మేకలు ఆవుల అవతలకి, గాలి కొట్టని మూలకి చేరాయి. మూడో రోజు నాన్న మూడో గది జోలికి పోలేదు. మొదటి గదిని పట్టుకున్నాడు.

"పన్నెండడుగులా ఇది? పన్నెండు స్వారీ గుర్రానికి. బుజ్జి పడుకుని కాళ్లు చాపితే గోడకి తన్నుకుంటుంది. తిరగలేక, లేవలేక అలాగే ఉండిపోతుంది తెల్లవార్లూ."

కూతురికి సిగ్గేసింది. ఆ కొలత ఆఫీసు పుస్తకంలోంచి తీసింది. గుర్రాల మధ్య పుట్టి పెరిగి, కొట్టంలోకి పోయి కొలవకుండా పుస్తకం చూసింది. "నిజమే నాన్నా, పొరపాటే" అని ఒప్పుకుని గదికి పద్నాలుగు అడుగులు చేసింది. మూడు గదులు నలభై రెండు, గుర్రాల తోలు సామాను గది ఆరు, గోడల మందం రెండు. సరిగ్గా యాభై. దాణా పెట్టెల్ని ఆవుల వరసలోకి తోసింది. హమ్మయ్య అనుకుంది.

నాలుగో రోజు నాన్న "పదిహేను" అన్నాడు. ఐదో రోజు "పదహారు" అన్నాడు.

పదహారైతే రెండు గదులకే ముప్పై రెండు పోతుంది. సామాను గదికీ గోడలకీ ఎనిమిది పోతే మిగిలేది పదడుగులు. పదడుగుల్లో మేకపోతు కూడా అలుగుతుంది, గుర్రం మాట దేవుడెరుగు. కూతురికి మండిపోయింది. చెరిపింది, గీసింది. ఆయన చెరిపాడు, గీశాడు. ఆరో రోజు పొద్దున్న అమ్మ బకెట్టు పెట్టబోయి ఆగి చూస్తే, మూడో గది ఉండాల్సిన చోట కాగితానికి చిల్లు పడి, కింద బల్ల కనపడుతోంది.

"బాగుంది. ఇప్పుడిక ఎవరిదీ కాదు" అంది అమ్మ.

ఆ సాయంత్రం పాలు పితకడానికి కూతుర్ని తోడు రమ్మంది. మామూలుగా ఎవర్నీ రమ్మనదు, ఆవు దగ్గర కొత్త చెయ్యి పడితే పాలు దిగవని ఆవిడ నమ్మకం. కాబట్టి పిలిచింది పాల కోసం కాదని కూతురికి తెలుసు.

"ఆఫీసులో ఎవరైనా ఏమైనా అన్నారా?"

"లేదమ్మా. అందరూ మంచివాళ్లే."

"మరెందుకే ఈ కష్టం? కొండెక్కి దిగీ మీ నాన్న మోకాళ్లు చూశావుగా."

కూతురు ఆవు వీపు మీద చెయ్యేసింది. "ఆరేళ్లయింది అమ్మా అక్కడ. నేను గీసినవి ఎన్నో లేచాయి. ఒక్క గోడ మీద కూడా నా చెయ్యి పడలేదు. సెలవుల్లో వచ్చినప్పుడు నాన్న వెనక కొండకెళ్తానా, బుజ్జి దుంగ కదిలించే ముందు ఒక్కసారి మెడ వంచి ఊపిరి బిగబడుతుంది చూడు, అప్పుడు నేనూ బిగబడతాను. మళ్లీ ఏడాది దాకా అదే గుర్తొస్తుంది. ఇంకేం చెప్పను?"

"ఆయనకి చెప్పొచ్చుగా ఈ ముక్క?"

"ఏమని చెప్పను? ఆయన దృష్టిలో నేను పనికిరాను. ఆ సంగతి పదమూడేళ్లప్పుడే తేల్చేశాడు."

అమ్మ చేతులు ఆగిపోయాయి. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. పద్నాలుగేళ్ల కిందటి చలికాలంలో ఒకరోజు పిల్ల బుజ్జి గదిలో నిలబడి దానికి మాలీషు చేస్తోంది. అప్పటికి బుజ్జికి నాలుగేళ్లు. ఎందుకో బెదిరి ఒక పక్కకి ఒరిగింది. పిల్ల గోడకీ గుర్రానికీ మధ్య నలిగింది. రెండు పక్కటెముకలు విరిగాయి. నాన్నే లోపల దూరి లాగాడు. పిల్ల కోలుకుంది. కోలుకున్నాక నాన్న అన్న మాట ఒక్కటే, "ఇంక గుర్రాల దగ్గరికి రాకు." నెల తిరక్కుండా పట్నంలో అత్తయ్య ఇంట్లో పెట్టి చదివించారు.

"నేనే తప్పుగా నిలబడి ఉంటాను" అంది కూతురు. "సరిగ్గా నిలబడ్డవాణ్ని గుర్రం నలపదు అని ఆయనే అంటాడుగా ఎప్పుడూ. అది నేనూ విన్నాను, ఊరంతా విన్నారు. నా అంతట నేను నలిగాను కాబట్టి ఇంటికి దూరంగా పంపేశాడు. ఇప్పుడు గది కొలతల వంక పెట్టుకుని మళ్లీ పంపేస్తున్నాడు, అంతే."

అమ్మ బకెట్టు పట్టుకుని లేచింది. "పాలు చల్లారిపోతున్నాయి పద" అంది.

మర్నాడు బాబాయి వచ్చాడు. భుజాన సున్నం బస్తా, చంకలో కర్ర మేకుల కట్ట, చేతిలో సుత్తి, మెడలో తాడు. ఎల్లుండి పునాదికి మనుషులొస్తారు, ఇవాళ నేల మీద ముగ్గు పోసినట్టు మొత్తం గీసేసుకోవాలి. "ఏదమ్మా ఇంజినీరూ, నీ కాగితం ఇటివ్వు" అన్నాడు. కాగితం చూసి చిల్లులో వేలు పెట్టి అటూ ఇటూ ఆడించాడు. "ఇదేంటి, ఎలకల కోసం ప్రత్యేకంగా దారి పెట్టారా?"

ఎవరూ నవ్వకపోయేసరికి ఆయనకి సంగతి కొంచెం అర్థమైంది. నోరు మూసుకుని తాడు లాగడం మొదలుపెట్టాడు. కూతురు కొలత చెబుతూ పోయింది. మధ్యన జోడు గుర్రాలు పక్కపక్కన నడిచేంత దారి, అటు ఆవులు, పాలగది, మేకలు, ఇటు గుర్రాలు. గంటలో కొట్టం తెల్లటి గీతలతో నేల మీద లేచింది. అమ్మ తన పాలగదిలోకి, అదీ తలుపు పెట్టిన చోటునుంచే వెళ్లి, కిటికీ దగ్గర నిలబడి బయటికి చూసి మురిసిపోయింది.

గుర్రాల వరసకి మూడు గదులు, పద్నాలుగు చొప్పున. బాబాయి ఆ వరసలో మొదటి మేకు దిగ్గొట్టబోతుంటే నాన్న వచ్చాడు.

"పదహారు" అన్నాడు.

బాబాయి సుత్తి దించాడు. "పదహారు గుర్రానికా, ఏనుగుకా అన్నయ్యా?"

"పదహారు వెయ్యి."

అప్పటిదాకా కూతురు ఎలాగో పట్టుకుంది. ఇంక పట్టుకోలేకపోయింది. "పన్నెండు చాలదన్నావు, పద్నాలుగు చేశాను. అది న్యాయం, ఒప్పుకున్నాను. తర్వాత పదిహేనన్నావు, పదహారన్నావు. ఇది కూడా చేస్తే రేపు ఇరవై అంటావు. నా గది పూర్తిగా మింగేసేదాకా నీకు చాలదు కదా నాన్నా?"

"నీ గదా? ఏ గది?"

"ఏ గదో నీకు తెలీదా? ఆరు రోజులుగా దేన్ని చెరుపుతున్నావు మరి? ఉద్యోగం మానేస్తున్నాను. గుర్రప్పిల్లని తెచ్చుకుంటున్నాను. నీతో కొండకొస్తాను. ఇదిగో, నోటితోనే చెబుతున్నాను. ఇప్పుడు నువ్వూ నోటితోనే చెప్పు, వద్దని. గోడల వెనక దాక్కోకు."

"వద్దు" అన్నాడు నాన్న. "ఈ పని నాతో సరి."

"ఎందుకు? నేను పనికిరాననేగా?"

ఆయన బదులు చెప్పలేదు. చెప్పకపోవడమే ఆమెని ఒంటికాలి మీద లేపింది. విసవిసా పాత కొట్టంలోకి పోయి బుజ్జి కళ్లెం పట్టుకుని బయటికి నడిపించుకొచ్చింది. "చూడు నాన్నా, పద్నాలుగులో ఎంత చోటుందో నీ కళ్లతోనే చూడు" అంటూ సున్నం గీతల మధ్యకి, మొదటి గదిలోకి తీసుకెళ్లింది. లోపలే దాన్ని గుండ్రంగా తిప్పింది. తిరిగింది బుజ్జి, హాయిగా తిరిగింది. తర్వాత కూతురు గీతకీ గుర్రానికీ మధ్యకి వెళ్లి, దాని పక్క మీద చెయ్యేసి నిలబడింది, చిన్నప్పుడు మాలీషు చేసేటప్పుడు నిలబడ్డట్టే.

పాత కొట్టం కప్పు మీద కోడి రెక్కలు కొట్టింది. బుజ్జి చెవులు ఆడించి, తన పెద్ద నడుముని ఒక పక్కకి వాల్చింది. కూతురు వైపుకే.

"గోడ! వెనక గోడ!"

ఆ అరుపు నాన్నదని ముందు ఎవరికీ తెలియలేదు. ఆయన అలా అరవగా ఎవరూ వినలేదు. అరవై దగ్గరపడ్డ మనిషి, మోకాళ్లు పట్టేసిన మనిషి, మేకుల మీదుగా తాళ్లు తెంపుకుంటూ పరుగెత్తుకొచ్చి కూతురి వెనక దూరాడు. రెండు చేతులూ వెనక్కి చాచి, లేని గోడని వీపుతో నెడుతూ నిలబడ్డాడు. కూతురు మామూలుగా రెండడుగులు వెనక్కి వేసి ఆయనకి తగిలి ఆగింది. బుజ్జి సర్దుకుని నిలబడి, ఏమైందన్నట్టు తల తిప్పి చూసింది.

బాబాయి దగ్గరికొచ్చాడు.

"అన్నయ్యా" అన్నాడు బాబాయి మెల్లిగా. "అక్కడ గోడ లేదు. సున్నం గీతేగా."

నాన్న కిందికి చూసుకున్నాడు. చెప్పుల నిండా సున్నం. గీత చెదిరిపోయి ఉంది.  అక్కడే, గదిలోనే, నేల మీద కూలబడిపోయాడు. కూతురు కళ్లెం బాబాయి చేతిలో పెట్టి తండ్రి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"నాన్నా, ఏమైంది? నాకేం కాలేదు. ఇటు చూడు."

"ఆ ఏడు చలికాలం" అన్నాడాయన. చెదిరిన గీత మీద చెయ్యి పెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. "ఆ ఏడు ఇంకో ఆవొచ్చింది ఇంటికి. చూలావు. చలికి బయట కట్టెయ్యలేం. లోపల చోటు లేదు. బుజ్జి గది గోడని అడుగున్నర లోపలికి జరిపాను. ఒక్క చలికాలమే కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను."

అమ్మ పాలగదిలోంచి నాలుగడుగులు ఇటు వేసి నిలబడిపోయింది.

"గుర్రం నీ మీదికి ఒరిగితే వెనక్కి రెండడుగులు వెయ్యమని నీకు నేర్పింది నేనే. నువ్వు ఐదేళ్ల పిల్లప్పుడు నేర్పాను. ఆ రోజు నువ్వు వేశావు తల్లీ. నేర్పినట్టే వేశావు. వెనక చోటు లేదు."

 ఆ రోజు గురించి కూతురికి గుర్తున్నది నొప్పి, తండ్రి మొహం, ఆ తర్వాత ఆయన అన్న ఆ ఒక్క మాట. వెనక్కి వేసిన రెండడుగుల సంగతి గుర్తే లేదు.

"నేను తప్పుగా నిలబడ్డాననుకున్నాను నాన్నా" అంది చివరికి. "పద్నాలుగేళ్లు అదే అనుకున్నాను."

"సరిగ్గానే నిలబడ్డావు. నా కంటే సరిగ్గా నిలబడ్డావు."

"మరి గుర్రాల దగ్గరికి రావద్దన్నావేం?"

"ఏ మొహంతో రమ్మనను? నా చేత్తో జరిపిన గోడ అది. నువ్వు కట్లు కట్టించుకుని పడుకున్న మంచం పక్కన కూర్చుని, చెప్పాలి చెప్పాలి అనుకున్నాను. నువ్వేమో నా వైపు చూసి, ఇంకెప్పుడూ అలా చెయ్యను నాన్నా అన్నావు. తప్పు చేసినదానిలా నువ్వే బతిమాలుతుంటే నా నోరు పడిపోయింది. పంపించేస్తే నీకేమీ కాకుండా ఉంటుందనిపించింది. ఇప్పుడు మళ్లీ ఈ గీతలు చూస్తే పద్నాలుగు చాలదనిపిస్తుంది, పదిహేను చాలదనిపిస్తుంది. నీ గది తియ్యాలని కాదమ్మా. ఎంత వెడల్పు చేసినా నాకు ఆ గోడే కనపడుతోంది."

కూతురు ఆయన భుజం మీద తల పెట్టి భోరుమని ఏడ్చింది. చిన్నప్పుడు ఎముకలు విరిగినప్పుడు కూడా అలా ఏడవలేదు. ఆయన సున్నం చేతులతోనే ఆమె తల నిమురుతూ, తనూ కళ్లు తుడుచుకోబోయి మొహమంతా తెల్లగా చేసుకున్నాడు.

"ఆవు నాది" అంది అమ్మ. ఎవరితోనో చెబుతున్నట్టు లేదు ఆ మాట. "ఆ ఆవుకి చోటు చూపించమని మిమ్మల్ని వారం రోజులు నిలవనివ్వకుండా సతాయించింది నేను. ఇన్నేళ్లు నాకొక్క మాట కూడా చెప్పలేదేమండీ?"

"నీకెందుకు చెప్పాలి? నువ్వు అడిగింది ఆవుకి చోటు. గోడ ఎటు జరపాలో చూసుకోవాల్సింది నేను. ఆ బరువు నీ మీద కూడా పెట్టనా?"

అమ్మ వచ్చి ఆయనకి అటు పక్కన నేల మీద కూర్చుంది. "ఎంత మొద్దు మనిషండీ మీరు" అంది. కోపంగా అందామనుకుంది, రాలేదు. ఆయన మొహం మీది సున్నాన్ని చేతిగుడ్డతో తుడుస్తూ తనే వెక్కింది.

ముగ్గురూ అలా లేని గదిలో కూర్చుని ఏడుస్తుంటే, గుర్రాన్ని పట్టుకుని నిలబడ్డ బాబాయికి ఎటు చూడాలో తెలియలేదు. కాసేపు బుజ్జి మెడ నిమిరాడు. కాసేపు ఆకాశం చూశాడు. ఆయన కళ్లు కూడా ఏమంత పొడిగా లేవు. చివరికి వడ్రంగి బుద్ధి పోనిచ్చుకోకుండా, "పదహారు చొప్పున మూడైతే నలభై ఎనిమిది. గోడల మందానికి రెండు. యాభైలో సరిపోతుంది" అన్నాడు. "తోలు సామాను గది లేకపోతే."

"తోలు సామాను లేకుండా గుర్రాలతో ఏం చేస్తావు, కబుర్లు చెబుతావా?" అన్నాడు నాన్న ముక్కు తుడుచుకుంటూ.

ఆ సామాను మామూలు సామాను కాదు. ఒక్కో గుర్రానికీ నడుమెత్తు మెడపట్టా, కళ్లేలు, గొలుసులు, పగ్గాలు. చెమట, నూనె, తోలు కలిసిన వాసన. ఆ వాసన ఇంటి గడప తొక్కకూడదని పెళ్లయిన కొత్తలో అమ్మ పెట్టిన ఒకే ఒక్క షరతు. అందుకే కొట్టంలో దానికొక గది. బాబాయి, నాన్న, కూతురు, ఎవరూ అమ్మ వైపు చూసే ధైర్యం చెయ్యలేదు.

"మన ఇంటి నడవాలో కొక్కేలు కొట్టండి" అంది అమ్మ.

"వదినా, నిజంగానేనా?"

"వంటింటి వైపు మాత్రం వద్దు. ముందు గది పక్కన. మూడు వరసలు కొట్టు." ఆవిడ లేచి మట్టి దులుపుకుంది. "వాసనేగా. చంపుతుందా ఏం? పిల్ల ఇంట్లో ఉంటుంది, అది చూసుకోండి."

కూతురు తండ్రి మొహంలోకి చూసింది. అమ్మ ఒప్పుకుంది, కొలత ఒప్పుకుంది. ఒప్పుకోవలసిన మనిషి ఇంకా నేల మీదే కూర్చుని ఉన్నాడు.

"నాకు భయం పోలేదు" అన్నాడాయన. "ఇది చెప్పేస్తే పోతుందనుకున్నావేమో. పోలేదు. పోదు కూడా. నువ్వు కొండ మీద దుంగ వెనక నడుస్తుంటే ప్రతి రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చోవాలి నేను."

"కూర్చో నాన్నా. భయం వద్దనడం లేదు. నేను అడుగుతున్నది గది."

ఆయన సున్నం గీతల వైపు చూశాడు.  దొర లోపల్నుంచి జోడు కోసం సకిలిస్తే బుజ్జి బయటి నుంచి బదులు పలికింది. నాన్న కూతురి భుజం పట్టుకుని లేచాడు.

"ఆ గుర్రప్పిల్ల ఏ పక్కన లాగడానికి అలవాటు పడింది?"

"ఇంకా ఏ పక్కనా కట్టలేదట. మనమే నేర్పుకోవాలి."

"మంచిది. కొత్తది నయం." కట్టలోంచి ఒక మేకు తీసుకున్నాడు. "పద, నీ గది నువ్వే కొలుచుకో. నేను కొలవను."

కూతురు బావి గోడ వైపు నుంచి తాడు పట్టుకుని కొలిచింది. ఒకసారి కాదు, మూడుసార్లు కొలిచింది. పదహారు దగ్గర మడమతో నేల మీద గుర్తు పెట్టింది. నాన్న కష్టపడి మోకాలి మీద కూర్చుని, ఆ గుర్తు మీద మేకు నిలబెట్టి, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. బాబాయి సుత్తి పట్టుకుని ముందుకొస్తే తల అడ్డంగా ఊపి, కూతురి వైపు చూపించాడు.

ఆమె సుత్తి అందుకుంది. ఎత్తింది. కింద తండ్రి వేళ్లు, సున్నం పట్టి తెల్లగా, మేకు చుట్టూ. సుత్తి గాల్లోనే ఆగిపోయింది.

"నాన్నా, నీ చేతులు."

"ఉంటాయిలే."

"భయం వెయ్యట్లేదా?"

"వేస్తోంది" అన్నాడాయన, చేతులు తియ్యకుండా. "కొట్టు."